హార్డ్‌డిస్కు కొనడానికి సారు రానక్కర్లేదు

బియ్యం పాతవా కొత్తవా అన్నది గుప్పిట్లోకి నాలుగు గింజలు తీసుకుని చెప్పేస్తాం. స్టీలు గిన్నె అడుగు మందమెంతో వేలితో కొట్టి చెప్తాం. కుక్కరు గాస్కెట్టు, మిక్సీ జారు, స్టవ్వు బర్నరు ఇత్తడిదా కాదా, ఇవన్నీ మన ఖాతాలోవే. వీటిలో మగవాళ్ళు నోరు పెడితే ఊరుకోం. మరి ఇరవై ఏళ్ళ ఫోటోలూ, పిల్లల ముద్దుమాటలూ, పోయినవాళ్ళ గొంతులూ దాచుకునే హార్డ్‌డిస్కు దగ్గరికొచ్చేసరికి మాత్రం "అవన్నీ మావారు చూసుకుంటారండీ" అని పక్కకి తప్పుకుంటాం. కొందరైతే అదేదో గొప్ప అన్నట్టు చెప్తారు కూడా. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అసలు ఇంట్లో దాచేది ఎవరండీ? పురిటి కాగితాలు, టీకాల కార్డులు, పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులు బీరువా అడుగు అరలో పెట్టిందెవరు? పాత గ్రూపు ఫోటోలో మూడో వరసలో కళ్ళు మూసుకుని నిలబడ్డావిడ ఎవరి పెద్దమ్మో చెప్పగలిగేదెవరు? ఆ దాచే పని ఇప్పుడు ట్రంకుపెట్టె నుంచి డిస్కులోకి మారింది, అంతే. పెట్టె మారగానే పని కూడా చేతులు మారిపోవాలా?

నా సంగతి చెప్తాను. మా అమ్మ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు, దంపుళ్ళ పాటలు అన్నీ కలిపి నలభై మూడు నా దగ్గరున్నాయి. ఫోనులో రికార్డు చేసినవే. వెనకాల కుక్కరు విజిల్సు, కూరలబండి కేకలు కూడా వినిపిస్తాయి. అమ్మ ఇప్పుడు లేదు. ఆ పాటల్లో సగం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. బీయే తెలుగు చదివినదాన్ని, వెతకడం చేతకాక కాదు. ఆ నలభై మూడు పాటలకీ ఇల్లు ఎక్కడ అన్నది నేను తేల్చాలా, లేక "సిస్టమ్స్ తెలిసిన" మరిది తేల్చాలా?

మా ఇంటి ల్యాప్‌టాప్ పాతది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేశారు. విండోస్ 11 వేసుకుందామంటే ఇంటెల్ ప్రాసెసరు 8వ తరానిదైనా అయివుండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ ఉండాలి. మాది 6వ తరం. నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రాన్ని, వాళ్ళ లెక్కలో సరిపోలేదని పాత సామాన్లవాడికి వెయ్యాలిట. మావాడు సెలవులకొచ్చినప్పుడు దాన్లో లైనక్స్ మింట్ వేసి వెళ్ళాడు. పైసా ఖర్చు లేదు. తెలుగు టైపింగు, పాటలు, ఫోటోలు, కరెంటు బిల్లు కట్టుకోవడం అన్నీ జరుగుతున్నాయి. ఇక కావాల్సింది ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు.

సికింద్రాబాదులో కంప్యూటరు షాపులు వరసగా ఉండేచోటికి నేనే వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడు "ఏ సిస్టం మేడం?" అన్నాడు. లైనక్స్ అన్నాను. అట్టపెట్టె తిప్పి చూపించి, "దీనికి పనిచెయ్యదు మేడం, విండోస్, మ్యాక్ అని మాత్రమే రాసుంది. ఓసారి సార్‌ని తీసుకురండి, సార్‌కి చెప్తా" అన్నాడు.

సారు వచ్చి ఏం చేస్తారమ్మా? ఆయన ఆఫీసులో ఇచ్చిన కంప్యూటరు తప్ప ఇంకోటి ముట్టుకోరు. ఇంట్లో లైనక్స్ వాడేది నేను.

సరే, పెట్టె మీద రాత సంగతి చూద్దాం. విండోస్, మ్యాక్ అని రాశారంటే ఆ రెంటికీ కంపెనీ పూచీ పడుతుందని అర్థం. మూడోదానిలో పనిచెయ్యదని ఎక్కడా రాయలేదు. కందిపప్పు ప్యాకెట్టు మీద "సాంబారుకు శ్రేష్ఠం" అని ఉంటే దానితో ముద్దపప్పు ఉడకదా? ఈ డిస్కులన్నీ యూఎస్‌బీ తీగ మీద కంప్యూటరుతో మాట్లాడే భాష ఒకటే, దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఉంది. లైనక్స్‌కి ఆ భాష ఎప్పటినుంచో వచ్చు. ప్రపంచంలో ఈ తిరిగే డిస్కులు తయారుచేసే కంపెనీలు ఇప్పుడు మిగిలినవే మూడు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. ఏదో ఒకటి తెచ్చి తగిలించండి, సాదా డిస్కయితే చాలు, తెర మీద బొమ్మ వచ్చి కూర్చుంటుంది. డ్రైవర్లు వెయ్యక్కర్లేదు, సీడీ అక్కర్లేదు.

లైనక్స్ అంటే ఏదో అడవిమనుషుల భాష అన్నట్టు మొహం పెడతారు. హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు 1991లో మొదలుపెట్టింది అది. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనయితే దాని లోపలి గుండెకాయ లైనక్సే. కేరళలో బడిపిల్లలు ఏళ్ళ తరబడి దానిమీదే చదువుకుంటున్నారు. ఆ షాపు కుర్రాడి జేబులో ఉన్న ఫోను కూడా బహుశా అదే బాపతు. పాపం, తెలీదు.

ఇప్పుడు అసలు ఎంపిక. నా మాట ఒక్కటే: ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. "పాస్‌వర్డ్ రక్షణ", "ఒక్క మీట నొక్కితే బ్యాకప్", "ఉచిత సాఫ్ట్‌వేరు" అని పెట్టె మీద జరీ అంచులు కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించండి. ఆ సాఫ్ట్‌వేర్లు విండోస్, మ్యాక్‌ల కోసం రాసినవి. లైనక్స్‌లో వాటి అవసరం లేదు కాబట్టి వాటికోసం పైసా ఎక్కువ ఇవ్వకండి. పాస్‌వర్డ్ రక్షణయితే నిజంగానే ప్రమాదం. మా తోడికోడలి డిస్కు ఇలాంటిదే. కొత్తలో వాళ్ళాయన విండోస్‌లో కంపెనీవాళ్ళ ప్రోగ్రాముతో పాస్‌వర్డ్ పెట్టారు. తాళం తియ్యాలన్నా ఆ ప్రోగ్రామే కావాలి. మా లైనక్స్‌కి తగిలిస్తే చిన్న సీడీ బొమ్మ ఒకటి కనబడుతుంది, అసలు సరుకు కనబడదు. మీ ఇంటికి తాళం వేసి చెవి మీకిచ్చారుగానీ, ఆ చెవి ఫలానా కంపెనీ చేతితొడుగు వేసుకుంటేనే తిరుగుతుంది! ఆస్తి కాగితాలకీ, ఆధార్ కాపీలకీ తాళం కావాలంటే లైనక్స్‌లోనే లక్స్ అనే పద్ధతి ఉంది, ఫార్మాట్ చేసేటప్పుడు ఒక టిక్కు పెడితే చాలు. అది విండోస్‌లో తెరుచుకోదు. పాస్‌వర్డ్ మరిచిపోతే ఎవరూ తియ్యలేరు. అందుకని అమ్మ పాటలకి నేను ఏ తాళమూ వెయ్యలేదు. నా తర్వాత ఎవరు వినాలనుకున్నా తగిలించగానే వినిపించాలి.

ఫార్మాట్ అన్నానుగా, దాని గురించి కాస్త ఓపికగా వినండి. పనిచేస్తుందా లేదా అన్న రచ్చంతా నిజానికి దీని దగ్గరే ఉంది, డిస్కు దగ్గర లేదు. ఫార్మాట్ అంటే అరల అమరిక. పరాయివాళ్ళ వంటింట్లోకి వెళ్తే పోపుల డబ్బా ఎక్కడుందో తెలియక తడుముకుంటాం చూడండి, అమరిక తెలియని కంప్యూటరు పరిస్థితీ అంతే. సామాన్లన్నీ ఉంటాయి, దానికి మాత్రం కనిపించవు.

షాపునుంచి వచ్చే డిస్కులు సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ అమరికతో వస్తాయి. రెండూ మైక్రోసాఫ్ట్‌వారివే. ఒకప్పుడు ఎక్స్‌ఫ్యాట్‌తో లైనక్స్‌లో ఇబ్బంది ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి వివరాలు బయటపెట్టాక, 2020లో వచ్చిన లైనక్స్ 5.7 నుంచి దానికి సరైన ఏర్పాటు లోపలే ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అంతకు ముందునుంచే వేరే సాధనంతో చదవడం రాయడం జరిగేది, 2021లో 5.15తో అదీ లోపలికి వచ్చేసింది. "లైనక్స్‌కి పనిచెయ్యదు" అనేవాళ్ళు ఏ కాలంనాటి మాట పట్టుకుని వేలాడుతున్నారో దీన్నిబట్టి చూసుకోండి.

అన్నిటికీ ఒకే అమరిక సరిపోదు. డిస్కు మీ లైనక్స్‌కే కాక చెల్లెలి విండోస్‌కీ, కొడుకు మ్యాక్‌కీ తిరగాలంటే ఎక్స్‌ఫ్యాట్ ఉంచండి. దానికో లోపం ఉంది. ఏం రాస్తున్నదీ ముందుగా చిట్టాలో వేసుకునే అలవాటు దానికి లేదు. రాస్తుండగా కరెంటు పోయినా, పిల్లాడు తీగ లాగేసినా లెక్క తప్పే అవకాశం ఎక్కువ. మన ఊళ్ళ కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఆ చిట్టా ఉంది. అయితే విండోస్‌లో సరిగ్గా వీడ్కోలు చెప్పకుండా పీకేసి తెస్తే లైనక్స్ దాన్ని తెరవనని మొరాయించవచ్చు, లేదా చూడనిచ్చి రాయనివ్వకపోవచ్చు. అప్పుడందరూ లైనక్స్‌ని తిడతారు. మళ్ళీ విండోస్‌లో పెట్టి, అది తప్పులు సరిచూశాక పద్ధతిగా బయటికి తీస్తే మామూలైపోతుంది. పాత ఫ్యాట్32 జోలికి మాత్రం పోవద్దు. 4 జీబీ దాటిన ఫైలుని అది తీసుకోదు, పెళ్ళి వీడియో ఒక్కటి చాలు దాన్ని దాటడానికి.

డిస్కు లైనక్స్ ఇంట్లోనే ఉంటుందంటే లైనక్స్ సొంత అమరిక ఈఎక్స్‌టీ4 పెట్టుకోండి. చిట్టా ఉంది, 2008 నుంచి నలిగిన పద్ధతి. ఒక్క జాగ్రత్త. ఆ డిస్కుని ఎవరైనా విండోస్‌కి తగిలిస్తే, దానికి ఆ అమరిక తెలియదు కాబట్టి "వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?" అని ఎంతో వినయంగా అడుగుతుంది. అవునంటే పాత సరుకు పోయినట్టే. అందుకని నా డిస్కు మీద తెల్ల స్టిక్కరు అంటించి, "కంప్యూటరు ఫార్మాట్ అంటే వద్దు అనండి" అని నల్ల స్కెచ్‌పెన్నుతో రాసిపెట్టాను. మావారు చూసి నవ్వారు. నవ్వనీండి. ఆవకాయ జాడీ మీద "తడిచెయ్యి పెట్టకండి" అని రాసినప్పుడూ నవ్వారు.

ఇదంతా చెయ్యాలంటే నల్లతెర మీద మంత్రాలు టైపు చెయ్యాలని బెదిరించే లైనక్స్ భక్తులున్నారు. వాళ్ళంటే నాకు షాపు కుర్రాడికంటే ఎక్కువ కోపం. అతనికి తెలీదు, వీళ్ళు తెలిసీ తలుపు మూస్తారు. మింట్‌లో, ఉబుంటులో "డిస్క్స్" అని ఒక సాధనం ముందే ఉంటుంది, మౌసుతో నొక్కుకుంటూ పోవడమే. ఎక్స్‌ఫ్యాట్ మొదటి వరసలో కనిపించదు, "అదర్" అన్నదాని వెనక నక్కి ఉంటుంది. పేరు చదివి, సైజు చూసుకుని, మనం తుడుస్తున్నది బయటి డిస్కే అని రెండుసార్లు చూసుకుంటే చాలు. ముగ్గు వెయ్యడానికి ముందు చుక్కలు లెక్కపెట్టుకోమా?

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్ళకి మాత్రమే ఎదురయ్యే తమాషా ఒకటుంది. దీని గురించి మగవాళ్ళ వ్యాసాల్లో నాకెక్కడా కనబడలేదు, ఎందుకంటే వాళ్ళు ఫైళ్ళకి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెడతారు. నేను "పెద్దక్క పెళ్ళిలో అమ్మ పాడిన అప్పగింతల పాట" అని పెడతాను. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరుకి 255 బైట్ల జాగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకి మూడు కావాలి. గుణింతం, సున్న, వత్తు అన్నీ విడివిడిగా లెక్కే. అంటే మొత్తం 85 గుర్తులు. నాలాంటి వాగుడుకాయకి అది ఇరుకే. ఇంకొకటి, పేరులో ప్రశ్నార్థకం ఉంటే లైనక్స్ అమరికకి పట్టింపు లేదుగానీ ఎక్స్‌ఫ్యాట్ ఒప్పుకోదు. "ఈ పాట ఎవరు నేర్పారు?" అన్న పేరున్న ఫైలు కాపీ అవ్వనని మొండికేస్తే డిస్కు పాడైందని కంగారుపడకండి. ప్రశ్న గుర్తు తీసెయ్యండి, వెళ్తుంది.

సైజు గురించి షాపుల్లో జరిగే ఒక గొడవ ఉంది. 1 టీబీ అని కొంటే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది, మోసపోయామని గోల. మోసమేమీ లేదు. కంపెనీ వెయ్యిల లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024ల లెక్కన కొలుస్తుంది. ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపోతుందా? అసలు మోసం వేరే ఉంది. వెయ్యీ పదిహేను వందలకి 16 టీబీ అని ఆన్‌లైన్లో కనిపిస్తాయి చూడండి, అవి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటరుకి 16 అని అబద్ధం చెప్పేలా తయారుచేస్తారు. మొదట్లో అన్నీ ఎక్కినట్టే కనిపిస్తాయి. నిండాక పాతవాటి మీదే కొత్తవి రాస్తూ పోతుంది, తెరిచి చూస్తే ఏమీ ఉండదు. దీన్ని పట్టుకోవడానికి లైనక్స్‌లో ఎఫ్‌3 అనే ఉచిత సాధనం ఉంది. డిస్కంతా నింపి, తిరిగి చదివి, ఎంత నిజమో చెప్తుంది. ఇది మాత్రం నల్లతెర మీద రెండు ముక్కలు టైపు చెయ్యాల్సిందే. కొత్త డిస్కు ఏదైనా సరే, విలువైనవి పెట్టేముందు ఒక రాత్రంతా దీనికి వదిలెయ్యండి.

తిరిగే డిస్కా, ఎస్ఎస్‌డీనా అంటే, తరచూ సంచీలో వేసుకుని తిరిగేదానికి ఎస్ఎస్‌డీ, బీరువాలో ఉండేదానికి తిరిగే డిస్కు. ఎస్ఎస్‌డీ కింద పడినా తట్టుకుంటుంది. కానీ కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి మూలన పడేస్తే అందులో రాసినవి నెమ్మదిగా మసకబారే గుణం ఉంది. తిరిగే డిస్కుకి జారిపడటమే గండం. అందులోనూ అరచేతిలో పట్టే చిన్న డిస్కులకి యూఎస్‌బీ తీగనుంచే కరెంటు సరిపోతుంది. పెద్దవాటికి విడిగా ప్లగ్గు కావాలి, అది మనకి వద్దు.

చిన్న డిస్కుల్లో చాలావాటిలో గీతల్ని పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పేరుస్తారు. ఎస్ఎంఆర్ అంటారు. జాగా కలిసొస్తుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవి కదపాల్సినట్టు, పాతవాటిని మార్చి రాసేటప్పుడు నత్తనడక నడుస్తుంది. పెద్ద కంపెనీలే ఈ సంగతి చెప్పకుండా డిస్కులు అమ్ముతున్నాయని 2020లో బయటపడి పెద్ద రభసైంది. ఒకసారి పెట్టి దాచుకునే ఫోటోలకి ఇది ఇబ్బందేమీ కాదు. మొదటి కాపీ గంటల తరబడి సాగితే పాడైందనుకుని మధ్యలో పీకెయ్యకండి, అంతే. కాపీ గీత చివరికి వచ్చినా లైనక్స్ ఇంకా లోపల రాస్తూనే ఉండొచ్చు. "ఇప్పుడు తియ్యవచ్చు" అని అది చెప్పాకే తియ్యాలి. అన్నం ఉడికిందని కుక్కరు మూత ఆవిరి పోకముందే లాగుతామా?

ఇంత చెప్పాక కూడా "ఇవన్నీ ఎందుకమ్మా, క్లౌడ్‌లో పడేస్తే పోలా" అంటారు పిల్లలు. క్లౌడ్ అంటే ఇంకొకరి కంప్యూటరు, నెలనెలా అద్దె. అద్దింటికి నేను వ్యతిరేకం కాదు, నా ఫోను ఫోటోలు కొన్ని అక్కడా ఉన్నాయి. కానీ ఆ ఖాతా ఎవరి పేరున ఉంది? చాలా ఇళ్ళల్లో ఆయన ఫోను నంబరు మీద ఉంటుంది. కార్డు గడువు తీరితే, నంబరు మారితే, ఆ అకౌంటు మూతపడితే మనకెవరు చెప్తారు? డిస్కయితే నా బీరువాలో, నా చీరల మధ్య ఉంటుంది.

ఒక్క డిస్కుని నమ్ముకోవడం కూడా కుదరదు. ఏ కంపెనీదైనా ఏదో ఒక రోజు ఆగిపోయేదే. ఒక పెద్దది కొనే డబ్బుతో రెండు చిన్నవి కొనండి, వేర్వేరు కంపెనీలవి. రెండోది అదే బీరువాలో పెడితే ఏం లాభం, ఇంకో ఊళ్ళో ఉండాలి. నాది ఒకటి ఖమ్మంలో చెల్లెలి దగ్గరుంది, దానిది ఒకటి నా దగ్గరుంది. చెల్లెలిది విండోసు కాబట్టి అక్కడున్నది ఎక్స్‌ఫ్యాట్. సంక్రాంతికి కలిసినప్పుడు మార్చుకుంటాం, కొత్తవి చేరుస్తాం, నాలుగు పాటలు పెట్టి వింటాం. పిల్లలు మేం ఏడుస్తున్నామని టీవీ సౌండు పెంచుకుంటారు.

కొనడానికి వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని వెళ్ళండి. డబ్బు ఇచ్చేముందు కౌంటరు మీదే తగిలించి చూపించమనండి. సీలు విప్పమంటే కుదరదంటారు, ఫర్వాలేదు, వాళ్ళ దగ్గర డెమోకి ఏదో ఒకటి ఉంటుంది, లేదంటే పక్క షాపుంది. "సార్‌ని తీసుకురండి" అంటే మాత్రం అక్కడ కొనకండి. బిల్లు మీ పేరునే రాయించుకోండి. వారంటీ గడువులోపల అది ఆగిపోతే మళ్ళీ ఆ మెట్లెక్కాల్సింది మీరే.